ఫాంటసీ కథకు ముడిసరుకును రోజూ నడిచే దారిలోనే సేకరించుకోవడం ఎలా?

ఫాంటసీ రాయాలని కూర్చున్నవారిలో చాలామంది మొదటి పుటలోనే మంచు కప్పిన ఒక కోటను నిలబెడతారు. ఆ మంచును వారు ఎన్నడూ తాకి ఉండరు. ఆ కోటలో పొద్దున్నే పొయ్యి ఎవరు రాజేస్తారో, కట్టెలు ఎక్కడి నుంచి వస్తాయో వారికి తెలియదు. అందువల్ల నాలుగో పుటకు వచ్చేసరికి చెప్పవలసినది అయిపోయి, ఎవడో ఒక మాంత్రికుడు వచ్చి అందరినీ రాళ్ళుగా మార్చేస్తాడు. నేనూ అలాంటి కోటలు మూడు కట్టి, మూడింటినీ అటక మీద పడేశాను. తిరుపతికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో పగలు తెలుగు చెబుతూ, తెల్లవారుజామున కథలు రాసుకునే నాకు ఆ తరువాత కుదిరిన పద్ధతి ఒకటి ఉంది. బస్సులో, గుడిలో, జాతరలో, ఏడో తరగతి గదిలో కంటపడినదాన్ని, చెవినపడినదాన్ని పట్టుకుని, అందులో ఏ నియమం పనిచేస్తోంది, ఆ నియమానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని అడగడమే ఆ పద్ధతి. దానిని నేను చేసే వరుసలోనే వివరిస్తాను.

మొదటి పని: నోటుపుస్తకాన్ని రెండుగా చూడండి

జేబులో పట్టే వంద పుటల పుస్తకం ఒకటి కొనుక్కోండి. దానిని తెరిచినప్పుడు ఎడమవైపు వచ్చే పుటలో మీరు కళ్ళారా చూసినదీ చెవులారా విన్నదీ మాత్రమే, సమయమూ చోటూ వేసి రాయండి. కుడివైపు పుటలో మీ ఊహను ప్రశ్న రూపంలో రాయండి. నా పుస్తకంలోని ఒక జత ఇలా ఉంటుంది. ఎడమవైపు: "ఉదయం 6.40. బస్టాండు ఎదుట కనకాంబరాలు అమ్మే ఆమె మూర కొలిచేటప్పుడు మోచేతిని కాస్త మడుస్తోంది. కొనే ఆమె తన చేతితో మళ్ళీ కొలుచుకుని, తక్కువ వచ్చిందని గొడవ పడుతోంది." కుడివైపు: "మూర అంటే ఎవరి మూర?" ఆ రోజుకు అంతే. కథ అక్కడే పుట్టాలని ఆరాటపడకండి. ఈ జతతో ఏం చేశానో చివర చెబుతాను.

ఈ రెండు పుటలనూ కలపకూడదని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఒకసారి కలిపి చెడ్డాను. మా ఊరి దగ్గరి గుట్ట మీద ఉన్న ఒక గుడి గురించి నేను అల్లుకున్న కథను, ఆరు నెలల తరువాత నా రాతలోనే చూసి, అది ఎవరో పెద్దవారు చెప్పిన స్థలపురాణమే అనుకుని తరగతిలో గంభీరంగా చెప్పేశాను. మరునాడు ఒక అమ్మాయి లేచి, "మా అవ్వ అట్ల కాదంటా ఉంది సార్" అంది. అవ్వే నిజం. ఊరి కథను మార్చి రాసుకునే స్వేచ్ఛ రచయితకు ఉంది. అయితే ఏది ఊరిదో, ఏది తనదో అతనికైనా తెలిసి ఉండాలి.

ఇంకొక చిన్న సంగతి: పెన్సిలుతో గాని, బాల్ పెన్నుతో గాని రాయండి. మా తిరుపతి వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి. అలాంటి ఒక వానలో శ్రీవారి మెట్టు ఎక్కుతూ, జెల్ పెన్నుతో రాసుకున్న నలభై పుటలను నీలిరంగు నీళ్ళుగా ఇంటికి తెచ్చుకున్నాను.

రెండో పని: ఒకే వస్తువును నెల రోజులు చూడండి

కొత్త చోట్లకు వెళితేనే కొత్త ఊహలు వస్తాయన్న నమ్మకం ఖర్చుతో కూడుకున్నది. నా అనుభవంలో అది నిజం కూడా కాదు. మీరు రోజూ వెళ్ళే దారిలో ఒక చెట్టునో, చెరువునో, మూతపడిన సినిమా హాలునో ఎంచుకుని నెల పొడుగునా దాని గురించే ఎడమ పుటలో రాస్తూ పోండి. మొదటి వారం రంగులూ ఆకారాలూ అయిపోతాయి. రెండో వారం విసుగు వస్తుంది. ఆ విసుగును దాటిన తరువాతే అసలైన ప్రశ్నలు మొదలవుతాయి.

నేను ఎంచుకున్నది తిరుపతిలో ఏ వీధి చివర నిలబడినా కనిపించే కొండ. ఆదిశేషుని పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని పెద్దలు చెప్పడం మనందరం విన్నదే. మొదటి వారం ఆ మాటను పక్కన పెట్టి, పొద్దున ఎర్రగా, మధ్యాహ్నం బూడిదరంగులో కనిపించే రాతిగోడ గురించే రాశాను. మూడో వారంలో ఒక రాత్రి, ఘాట్ రోడ్డు మీద వాహనాల దీపాలు చీమలబారులా కదలడం చూసినప్పుడు కుడి పుటలోకి ప్రశ్న వచ్చింది: పాము నిద్రలోనే ఉంటే, ఒంటి మీద పాకే ఈ వెలుగు దానికి కలగా తోస్తుందా, దురదగా తోస్తుందా? మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. నడుమ ముప్పయ్యేళ్ళపాటు ఎక్కే దీపాలూ దిగే దీపాలూ ఒకే గీత మీద ఎదురెదురుగా కదిలాయి. రెండో గీత పడిన రాత్రి ఆ పాము ఏమనుకుని ఉంటుంది? ఈ ప్రశ్న నుంచి నాకు ఒక పొడవాటి కథ దొరికింది.

అదే కొండ నుంచి మరొకటీ దొరికింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకచోట కింద గ్రానైటు జాతి శిల, దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య పదుల కోట్ల సంవత్సరాల కాలానికి రాతిలో ఆనవాలే లేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. నేను దీనిని పిల్లలకు చెప్పినప్పుడు, ఇలా కాలం లోపించడం మన పంచాంగంలో కూడా ఉందన్న సంగతి గుర్తుకువచ్చింది. ఒక సూర్యోదయం తరువాత మొదలై, మరుసటి సూర్యోదయానికి ముందే ముగిసిపోయే తిథిని క్షయ తిథి అంటారు కదా. అలాంటి తిథిన పుట్టిన పిల్లవాడు కనిపించే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయి? కొండ మీది రాయి, గోడకు తగిలించిన పంచాంగం ఒకే పుటలో పక్కపక్కన ఉండబట్టే ఆ ప్రశ్న నాకు తట్టింది. అందుకే పుస్తకంలో విషయాలను శీర్షికల వారీగా సర్దకండి, వచ్చిన వరుసలోనే ఉండనివ్వండి.

మూడో పని: గాథలో ఒప్పందాన్ని వెతకండి

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన పని కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఫాంటసీ రాసేవారు చేసే పెద్ద పొరపాటు మాయను ఉచితంగా పంచిపెట్టడం. మంత్రం చదివితే పని జరిగిపోయే లోకంలో ఎవరికీ కష్టం ఉండదు, కష్టం లేనిచోట కథా ఉండదు. మాయకు వెల కట్టడాన్ని నేర్చుకోవడానికి తిరుపతిని మించిన బడి నాకు కనిపించలేదు.

మన కొండ మీది గాథలను ఒక్కసారి లెక్కల పుస్తకంలా చదివి చూడండి. తిరుమల మొదట వరాహస్వామిది. శ్రీనివాసుడు ఆయన దగ్గర చోటు అడిగి తీసుకున్నాడు. అందుకు బదులుగా తొలి దర్శనం, తొలి నైవేద్యం వరాహస్వామికే జరగాలన్నది షరతు. తెలిసిన భక్తులు ఇప్పటికీ పుష్కరిణి గట్టున ఉన్న ఆ గుడికి వెళ్ళిన తరువాతే పెద్ద గుడికి వెళతారు. ఆ తరువాత పద్మావతీదేవితో పెళ్ళికి డబ్బు లేక స్వామి కుబేరుని దగ్గర అప్పు చేశాడు. కలియుగం ముగిసేదాకా దానికి వడ్డీ కడుతూనే ఉంటాడు. అందుకే ఆయనను వడ్డికాసులవాడు అంటారు. ఇక ఊళ్ళోకి దిగి, గోవిందరాజస్వామి గుడికి వెళ్ళండి. స్వామి పడుకుని ఉంటాడు, తల కింద కుంచం ఉంటుంది. తమ్ముడి అప్పు తీర్చడానికి సొమ్మును కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచాన్నే తలగడగా పెట్టుకుని నిద్రపోయాడని చెప్పుకుంటారు.

ఆ కుంచం దగ్గర ఆగండి. చోటుకు షరతు, పెళ్ళికి అప్పు, అప్పుకు వడ్డీ, వడ్డీని కొలవడానికి ఒక అన్న, ఆ అన్నకు అలసట. దేవుడికే ఇన్ని లెక్కలు ఉన్న ఊళ్ళో మీ మాంత్రికుడు లెక్క లేకుండా మెరుపులు విసరడం ఏం సబబు? ఈ గాథలో నాకు అన్నింటికన్నా నచ్చేది అలసట. మహిమకు గడువు, వెల పెట్టడం చాలామంది రచయితలకు తెలుసు. దానిని మోసే మనిషికి మెడనొప్పి పెట్టడం కొద్దిమందికే తెలుసు.

మీరు చేయవలసిన అభ్యాసం ఇది. మీ కథలోని మాయను దస్తావేజు రాసేవారి భాషలో ఒక ఒప్పంద పత్రంగా రాయండి. ఇచ్చేవారెవరు, పుచ్చుకునేవారెవరు, గడువెంత, తప్పితే ఏమిటి అన్నవి అందులో ఉండి తీరాలి. ఒకసారి నేను రాసినది చూడండి: "మీ వద్ద నీడను చేబదులుగా పుచ్చుకొని రాసి ఇచ్చిన ఒప్పంద పత్రము ఏమనగా: సదరు నీడను సూర్యాస్తమయమునకు ముందుగా చిరుగులు లేకుండా మీకు తిరిగి అప్పగించగలవాడను. అట్లు అప్పగించని యెడల నా పేరులోని మొదటి అక్షరమును మీరు స్వాధీనపరచుకొనవచ్చును. ఇందుకు నాకు గాని, నా వారసులకు గాని ఎట్టి అభ్యంతరమును లేదు." ఈ మూడు వాక్యాలు రాయడానికి ముందు నాకు ఆ లోకం గురించి ఏమీ తెలియదు. రాసిన తరువాత, పేరులో అక్షరాలు పోగొట్టుకున్న మనుషులు ఒక వీధి నిండా కనిపించారు. ముఖ్యంగా "వారసులకు" అన్న మాట పత్రం అలవాటు కొద్దీ వచ్చి పడింది. కథ మొత్తం దాని మీదే నడిచింది.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. జనం రోజూ చేతులెత్తి మొక్కే దేవుళ్ళను నేను పాత్రలుగా వాడను. గాథ లోపలి అమరికను తీసుకుంటాను, పేరును తీసుకోను. ఇది భయం వల్ల పెట్టుకున్న నియమం అనుకుంటే అనుకోండి. కాని పేరు వాడితే ఆ పేరు చుట్టూ ఇప్పటికే ఉన్న భక్తి మీ పనిని చేసిపెడుతుంది, మీరు రాయడం నేర్చుకోరు.

నాలుగో పని: జాతరను కథకుడి కళ్ళతో చూడండి

వేసవిలో తిరుపతి గంగమ్మ జాతర వచ్చినప్పుడు ఒక్క రోజు వెళ్ళి ఫొటోలు తీసుకుని రాకండి. చాటింపు మొదలుకుని చివరి వరకూ వారం రోజులు వెళ్ళండి, ఏ రోజు ఏ వేషమో రాసుకోండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. తెల్లగా పూసుకున్న ఒళ్ళు మరునాటికి కుంకుమతో ఎర్రబడుతుంది, ఆ మరునాటికి బొగ్గుతో నల్లబడి నడుముకు వేపమండలు చేరతాయి. మగవారు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని తాతయ్యగుంటలోని గంగమ్మ గుడి దారి పడతారు.

ఈ వేషాల వెనుక ఒక వేట ఉంది. ఆడవారిని చెరపట్టే ఒక పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, ఆమె రోజుకొక వేషంలో అతని కోసం వెతుకుతుంది. చివరకు దొర వేషంలో వచ్చినప్పుడు, వచ్చినవాడు తన పైవాడే అనుకుని పాలెగాడు బయటికి వస్తాడు, అక్కడ అతని కథ ముగుస్తుంది. రూపం మారడం మన సినిమాల్లో కూడా ఉంది. ఇక్కడ గమనించవలసినది, ప్రతి రూపమూ ఒక ప్రయత్నం, ముందువన్నీ విఫలమైన ప్రయత్నాలు. శత్రువు దేనికి భయపడతాడో తెలిస్తే చాలదు, దేనికి లొంగి బయటికి వస్తాడో తెలియాలి. అధికారానికి అలవాటు పడినవాడు తనకన్నా పెద్ద అధికారాన్ని చూసి బయటికి వచ్చాడు.

అంతకన్నా గొప్ప మలుపు ఆ తరువాత ఉంది. చంపిన మరునాడు ఆమె మాతంగి వేషంలో ఆ పాలెగాడి భార్యను ఓదార్చడానికి వెళుతుందని చెప్పుకుంటారు. నేను చదివిన ఫాంటసీల్లో చాలావరకు రాక్షసుడు కూలగానే ముగుస్తాయి. రాక్షసుడికి ఇల్లు ఉండేదన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. మీ కథలో యుద్ధం అయిపోయిన మరునాటి ఉదయం ఎవరు ఎవరి గడప తొక్కుతారో రాసి చూడండి. ఆ సన్నివేశం రాయలేకపోతే, యుద్ధం ఎందుకు జరిగిందో మీకు ఇంకా తెలియలేదన్నమాట.

చిత్తూరు వైపు పల్లెల్లో జరిగే భారతం ఉత్సవాలను కూడా వదలకండి. పద్దెనిమిది రోజుల పాటు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. అర్జునుడి వేషం వేసిన మనిషి పొడవాటి తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతుంటే, కింద ఆడవారు కొంగులు పట్టి నిలబడతారు. చివరి రోజు మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు ఒక ఇంటి పొడవున వెల్లకిలా పడుకుని ఉంటాడు, భీముడి వేషధారి అతని చుట్టూ పరుగెడతాడు. ఎడమ పుటలో నటుడి గురించి ఒక వాక్యం రాస్తే, కొంగు పట్టిన మనిషి గురించి మూడు వాక్యాలు రాయండి. లోకాన్ని నిలబెట్టేది ఆమె నమ్మకమే.

ఐదో పని: ఒక చేతిపనిని దగ్గర కూర్చుని చూడండి

మీ లోకంలో మాయ ఎలా పనిచేస్తుందో తేలనప్పుడు, నిజమైన పనివారి దగ్గరకు వెళ్ళండి. శ్రీకాళహస్తి తిరుపతికి గంట ప్రయాణం. అక్కడి కలంకారీ పనిని నేను మొదటిసారి చూసినప్పుడు, బొమ్మ గీయడానికి ముందే సగం పని ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోయాను. నూలు బట్టను గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో తొలిగీతలు గీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే కసిమి తయారవుతుంది. వెదురు కలానికి చుట్టిన గుడ్డ ఆ కసిమిని పీల్చుకుంటుంది. పనివారు దానిని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీస్తారు. కలం నుంచి పలచగా జారిన గీత, బట్టలోని కరక్కాయను తాకి, కళ్ళెదుటే నల్లబడుతుంది. కరక్కాయ పట్టని బట్ట మీద అదే గీత వెలవెలబోతుంది.

ఎరుపు మరీ విచిత్రం. ఎరుపు రావలసిన చోట ముందుగా పటిక నీటిని పూస్తారు. అది కంటికి దాదాపు కనిపించదు. తరువాత బట్టనంతా రంగునీటిలో ఉడికిస్తే, పటిక తాకినచోటనే ఎరుపు నిలుస్తుంది, మిగిలినచోట కడిగితే పోతుంది. ఆ సాయంత్రం నా కుడి పుటలో ఇలా రాసుకున్నాను: "కన్నతల్లి పసిబిడ్డ నుదుట కనిపించని నీటితో ఏదో రాస్తుంది. ఆ బిడ్డ జ్వరంతో కాగిన రోజున మాత్రమే దానిని చదవగలరు."

ఇలాంటి పనిని చూసేటప్పుడు అందం గురించి అడగకండి. ఏది ముందు, ఏది తరువాత, ఏది మరిచిపోతే ఏమవుతుంది అని మూడు ప్రశ్నలు అడగండి. బెల్లం గానుగ దగ్గర, కుమ్మరి సారె దగ్గర, మామిడి తాండ్ర పోసే చాపల దగ్గర కూడా ఇవే ప్రశ్నలు పనికివస్తాయి. ఒక్క మాట: పనివారి సమయం ఉచితం కాదు. ఏదైనా కొనండి, లేదా పని లేని వేళ చూసి వెళ్ళండి.

ఆరో పని: పిల్లల దగ్గర వినండి, కాని దొంగిలించకండి

బడిపంతులుగా ఉండడం కథకుడికి పెద్ద వరం. మీరు ఉపాధ్యాయులైతే శనివారం చివరి పీరియడులో ఈ ఆట ఆడించండి; కాకపోతే ఇంట్లోని పిల్లలతో ఆడండి. ప్రతి పిల్లవాడూ తన ఇంట్లో "చేయకూడదు" అని చెప్పే పని ఒకటి రాసుకుని రావాలి. రాత్రిపూట ఈల వేయకూడదు, పొద్దుగూకిన తరువాత పామును పేరు పెట్టి పిలవకూడదు, పురుగు అనాలి. శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వకూడదు, ఉప్పును చేతికి ఇవ్వకూడదు. తరగతిలో నలభై మంది ఉంటే నలభై నిషేధాలు వస్తాయి. అవన్నీ ఎవరో ఇప్పటికే నిర్మించి పెట్టిన మాయాలోకపు చట్టాలు. ఇప్పుడు పిల్లలు రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఈ నియమాన్ని మొదట ఎవరు పెట్టారు, దానిని మొదటిసారి ఎవరు మీరారు? ఆ పీరియడులో అక్షరదోషాలు దిద్దకండి. ఎర్రసిరా కనిపించగానే పిల్లల ఊహ చేతులు కట్టుకుని నిలబడుతుంది.

ఉప్పు గురించి ఒక అబ్బాయి రాసినది నేను మరిచిపోలేను: "ఉప్పు చేతికిస్తే అరచేతిలో గీతలు కరిగి ఉప్పుతో పాటు అవతలోళ్ళకి పోతాయి." దీనిని ఒక కథలో వాడుకుంటానని అడిగి, సరేనన్న తరువాతే వాడాను, ఊహ ఎవరిదో కథ చివర ఒక వాక్యంలో పేరుతో సహా రాసి పంపాను. అచ్చువేసిన పత్రిక ఆ ఒక్క వాక్యాన్నీ తీసివేసింది, చోటు చాలలేదని చెప్పింది. ఆ సోమవారం ఏడో తరగతిలోకి అడుగుపెట్టడం నాకు చాలా కష్టమైంది. అప్పటి నుంచి ఆ వాక్యం లేకుండా కథను వేయవద్దని ఉత్తరంలోనే షరతు పెడుతున్నాను.

పిల్లలు తమ బతుకులోని మామూలు సంగతి అనుకుని చెప్పేవి కూడా వినండి. పలమనేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లవాడిని, కౌండిన్య అడవిలోని ఏనుగులు మీ పొలం మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. "ఏనుగు యాడుందో కనిపించదు సార్. చెరుకు ఇరిగే సప్పుడు మాత్రం ఇనిపిస్తాది" అన్నాడు. పెద్ద మృగాన్ని ఎలా ప్రవేశపెట్టాలో నాకు అంతకు ముందు ఇరవై ఏళ్ళు తెలియలేదు.

మృగాల మాట వచ్చింది కాబట్టి, వాటి కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదని కూడా చెబుతాను. శేషాచలం రాతి పగుళ్ళలో బంగారు బల్లి ఉంది; పెద్ద కళ్ళతో రాత్రి తిరిగే దేవాంగపిల్లి ఉంది; మనిషి నడుమును కూడా దాటని పుంగనూరు ఆవు ఉంది. వీటిలో ఒకదానిని తీసుకుని, ఒకే ఒక్క లక్షణాన్ని మార్చండి. రెండు మార్చితే పాఠకుడు నమ్మడు. ఊళ్ళ పేర్లూ అంతే: కోన, మిట్ట, బైలు, కండ్రిగ అన్న చివరలు మన చుట్టూ ఉండగా, నోరు తిరగని పేర్లను అరువు తెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

చివరి పని: ఆదివారం కూర్చుని లెక్క చూడండి

వారానికి ఒకసారి పుస్తకాన్ని మొదటి నుంచి చదవండి. ప్రతి జత ముందూ మూడు ప్రశ్నలు పెట్టండి. నియమం ఏమిటి? మూల్యం ఎవరిది? దానిని ఎగ్గొట్టాలని చూసేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు దొరకని జతను వదిలివేయండి. నా పుస్తకంలో పదింటికి తొమ్మిది అలాగే పోతాయి. దొరికినదాన్ని మరునాడు తెల్లవారుజామున, ఫోను చూడకముందే, మూడు వందల మాటల్లో రాయండి.

మొదట చెప్పిన పూలమూర సంగతికి వద్దాం. "మూర అంటే ఎవరి మూర?" అన్న ప్రశ్న నాలుగు ఆదివారాలు జవాబు లేకుండా ఉండిపోయింది. ఐదో ఆదివారం నియమం దొరికింది: ఆ రాజ్యంలో మూర అంటే రాజుగారి మోచేయి నుంచి వేలికొన వరకు. మూల్యం నేతగాళ్ళది, ఎందుకంటే బట్ట మీద పన్ను మూరల లెక్కన కట్టాలి. ఒక రాత్రి రాజు చనిపోతాడు, ఏడేళ్ళ కొడుకు గద్దె ఎక్కుతాడు. తెల్లవారేసరికి పది మూరల బట్ట పదహారు మూరలై కూర్చుంటుంది. ఎగ్గొట్టాలని చూసేవారు ఇప్పుడు రెండు పక్షాలు: పిల్లవాడు త్వరగా పెరగాలని నేతగాళ్ళు రోజూ నెయ్యీ రాగి సంకటీ పంపుతారు, పెరగకూడదని కోశాధికారి పథ్యం పెట్టిస్తాడు. నడుమ ఆ పిల్లవాడికి అన్నం పెట్టే దాది పాత్రకు బస్టాండు ఎదుట కనకాంబరాలు అమ్మే ఆమె ముఖాన్నే ఇచ్చాను. మోచేయి ఎప్పుడు మడవాలో ఆమెకు తెలుసు కాబట్టి.

రాసినదాన్ని పత్రికకు పంపేముందు పిల్లల ముందు బిగ్గరగా చదవండి, ఎక్కడ బల్లలు కదులుతాయో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఈ కథ చదివినప్పుడు రెండు చోట్ల బల్లలు కదిలాయి. ఆ రెండు పేరాలూ తీసివేశాను. గంట కొట్టిన తరువాత వెనుక బల్ల మీది అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, "రాజు నిద్రలో చెయ్యి ముడుచుకుంటే, ఊర్లో గుడ్డలన్నీ పొడుగైపోతాయా సార్?" అని అడిగింది. సమయం 4.10 అని వేసి, ఆ మాటను ఎడమ పుటలో రాసుకున్నాను.